లోవమ్మకు పెట్టిన చీర

సూర్యకళ పొద్దున్నే తలారా స్నానం చేసి, దీపం పెట్టి, లలితా సహస్రనామం చదువుకున్నాక మానవ హక్కుల ప్రకటన చదివేది. ఊరికే చదవడం కాదు, పారాయణ. పుస్తకాన్ని వ్యాసపీఠం మీద పెట్టుకుని ఒకటో అధికరణం దగ్గర మొదలుపెడితే, మధ్యలో పాలవాడు పిలిచినా పలికేది కాదు. ముప్ఫయ్యోది పూర్తయ్యాక పుస్తకం కళ్ళకద్దుకుని లేచేది.

"హక్కులకి హారతి కూడా ఇచ్చేస్తావా ఏంటి?" అనేవాడు భర్త జగన్నాథరావు, కాఫీ కోసం గుమ్మం దగ్గర నిలబడి.

"చదువు ఏదైనా సరస్వతే కదండీ" అనేది ఆవిడ.

భీమవరానికి కూతవేటు దూరంలో, మురుగు కాలువ గట్టున ఉన్న ఐసు ప్లాంటులో జగన్నాథరావు సూపర్‌వైజరు. ప్లాంటూ, దాన్ని ఆనుకుని ఉన్న రొయ్యల షెడ్డూ జోగేశ్వరరావు గారివి. సూర్యకళకి డిగ్రీ మధ్యలో పెళ్ళయింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆ డిగ్రీ ప్రైవేటుగా పూర్తిచేసి, దూరవిద్యలో ఎమ్మే కట్టింది. మానవ హక్కులే ఎందుకు కట్టావని అడిగితే, పుస్తకాలన్నీ తెలుగులో ఇచ్చారు కాబట్టి అని నిజమే చెప్పేది. కట్టాక మాత్రం ఆ చదువు మీద ఆవిడకి భక్తి కుదిరింది. గుమ్మం పక్కన భర్త పేరు కింద తన పేరు, దాని పక్కన ఎమ్మే అన్న అక్షరాలు ఉండాలన్నది అమ్మవారిని ఆవిడ కోరిన కోరిక. తప్పు కోరికేమీ కాదు.

ఆదివారాలు రాజమండ్రిలో క్లాసులు. రెండో సంవత్సరంలో ప్రాజెక్టు రాయాలి. గైడు గంగాధర్ గారు అన్నారు: "పుస్తకాల్లోంచి ఎత్తి రాయకండమ్మా. మీ పక్కనే షెడ్డుంది కదా, ఆడవాళ్ళతో మాట్లాడండి. పేర్లు మార్చి రాయండి."

జోగేశ్వరరావు గారిని అడిగితే ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. "మన జగన్నాథం భార్య ఎమ్మే చదువుతుంటే మాకు కాదా గొప్ప? వెళ్ళమ్మా, ఎవరితో కావాలంటే వాళ్ళతో మాట్లాడు" అన్నారు.

షెడ్డులో చాలామంది ఆవిడతో మాట్లాడారు. అందరూ ఒకటే మాట, బాగున్నామండి అని. లోవమ్మ ఒక్కతే వేరుగా మాట్లాడింది.

లోవమ్మది తుని పక్క. రొయ్యల తలలు తీసే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మొగుడు ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. ఎక్కడో అక్కడ ఉన్నాడన్న నమ్మకంతో నుదుటి మీద పెద్ద బొట్టు పెట్టుకునేది. కూతురు పాపాయికి పేరే పాపాయి, పెళ్ళీడు దాటింది. మూర్ఛ జబ్బు. షెడ్డు ఆవరణలోని లైను గదుల్లో చివరి గది వాళ్ళది. ఆ గది కిటికీ షెడ్డు వైపుంది. బల్ల దగ్గర నిలబడి రొయ్యలు ఒలుస్తూనే లోవమ్మ కిటికీలోంచి కూతుర్ని చూసుకునేది. పిల్ల పడిపోతే తడి చేతులతోనే పరిగెత్తేది. ఇంకే షెడ్డులోనూ, ఇంకే ఊళ్ళోనూ అలాంటి గది దొరకదు. లోవమ్మకున్న ఆస్తంతా ఆ గదే.

"నాకు చెప్పాలనే ఉందండి అమ్మగారూ" అంది లోవమ్మ ఒకరోజు, ఆ గదిలోనే కూర్చుని. "చెప్తే నా గదికేమీ కాకూడదు. ఆ మాట మీరివ్వాల."

"అమ్మవారి సాక్షి. నీ పేరు మార్చి రాస్తాను."

"పేరు మారిస్తే కాలు మారుద్దేటండి?" అని లోవమ్మ చీర కుచ్చిళ్ళు పైకెత్తి కుడి పాదం చూపించింది. దానికి బొటనవేలూ, దాని పక్క వేలూ మాత్రం ఉన్నాయి.

జరిగింది ఇదీ. సరుకు కొనే కంపెనీ వాళ్ళు షెడ్డు చూడ్డానికి వచ్చినప్పుడు, పనివాళ్ళ లెక్కలో ఉన్నట్టు చూపే గేటు కార్డు లేని వాళ్ళు కంటపడకూడదు. ముసలివాళ్ళకీ, బయటూరి వాళ్ళకీ కార్డులు లేవు. ఆ రోజు కార్డు లేని మిగతావాళ్ళని ట్రాక్టరెక్కించి పంపేశారు. పాపాయిని వదిలి వెళ్ళనంది లోవమ్మ. ఆవిణ్ని కోల్డు రూములో నిలబెట్టి, వాళ్ళు వెళ్ళగానే తీస్తామని తలుపు వేశారు. వచ్చినవాళ్ళు తొందరగానే వెళ్ళిపోయేవారేమో. కానీ గోదావరి జిల్లాల్లో అతిథిని భోజనం పెట్టకుండా పంపుతారా? చేపల పులుసు, రొయ్యల వేపుడు, పూతరేకులు. వద్దన్నకొద్దీ వడ్డించారు. తిన్నాక కాసేపు నడుం వాల్చమన్నారు. తలుపు తీసేసరికి పొద్దు వాలింది. తడిసిన బూటులో లోవమ్మ కాలు కొయ్యబారి ఉంది.

"తిట్టలేదండి, కొట్టలేదండి" అంది లోవమ్మ. "అయ్యగారి భార్య మీనాకుమారి అమ్మగారే ఆసుపత్రికి పళ్ళు అట్టుకొచ్చారు. ఆయ్. మర్యాదలో లోటు లేదు."

సూర్యకళ కళ్ళు తుడుచుకుంది. కాలు బదులు చెయ్యి అని రాస్తానంది. కానీ గంగాధర్ గారు ఆ అధ్యాయం చదివి, జరిగింది జరిగినట్టే ఉండాలి, మార్చితే పరిశోధన ఎలా అవుతుంది, పేరొక్కటి మార్చండి చాలు అన్నారు. చదువుకున్నాయన చెప్పింది కదా అని ఆవిడ కాలు అనే ఉంచింది. లోవమ్మని సావిత్రమ్మ చేసింది.

ఆ ప్రాజెక్టు తిన్నగా రాజమండ్రి వెళ్ళి ఉంటే ఏమీ అయ్యేది కాదు. అక్కడ దాన్ని చదివేది ఇద్దరు. ఆ తర్వాత బీరువాలో పడుకునేది. కానీ సూర్యకళ పద్ధతి తెలిసిన ఇంట్లో పుట్టింది. మంచి పని ఏదైనా ముందు దేవుడికి, తర్వాత పెద్దలకి. భీమవరంలో నల్లటి అట్ట వేయించి, బంగారు రంగు అక్షరాలు కొట్టించి, నాలుగు మూలలా పసుపు రాసి, అమ్మవారి ముందు ఒక రాత్రి ఉంచింది. మర్నాడు పళ్ళెంలో అరటిపళ్ళు, తమలపాకులు పెట్టి, వాటి మీద ప్రాజెక్టు పెట్టి, పెళ్ళి శుభలేఖ తీసుకెళ్ళినట్టు జోగేశ్వరరావు గారింటికి తీసుకెళ్ళింది.

దాంట్లో ఏముందో ఆవిడకి తెలియదా? తెలుసు. రాసిందే ఆవిడ. కానీ పళ్ళెంలో పెట్టాక అది ప్రసాదం లాంటిదైపోయింది ఆవిడ మనసులో. ప్రసాదాన్ని ఎవరు విప్పి చూస్తారు?

జోగేశ్వరరావు గారు అక్షింతలు వేసి, పుస్తకం తెరిచారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఉంచి వెళ్ళమ్మా, నిదానంగా చదువుతాను. ఈ వయసులో నాకూ కాస్త జ్ఞానం రావాలిగా" అన్నారు.

రెండు రోజులకి ఆయన భార్య మీనాకుమారి ఫోన్ చేసింది. "సూర్యకళా, మీ బాబాయ్‌గారు పుస్తకమంతా చదివారే. ఎంత బాగా రాసిందీ అమ్మాయి అని ఒకటే పొగడ్త. శుక్రవారం షెడ్డులో అందరి ముందూ లోవమ్మకి చీర పెట్టమన్నారు. నీ పుస్తకంలో మనిషి కదా, నువ్వే వెళ్ళి బొట్టు పెట్టి పిలువు. చీర కూడా నీ చేత్తోనే పెడుదువుగాని."

సూర్యకళ మురిసిపోయింది. మనుషుల మనసు మార్చే చదువంటే ఇదే కదా అనుకుంది. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెబితే జగన్నాథరావు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"చీర పెడతారన్నారా?"

"అవునండీ. పసుపూ కుంకుమా, పళ్ళూ, అన్నీ."

"పిచ్చిదానా. పంపించేస్తున్నారు దాన్ని."

ఆ గట్టున ఉన్న షెడ్లలో ఆడమనిషిని పనిలోంచి తీసేసే పద్ధతి అది. కేకలేయరు. పొమ్మనరు. కుర్చీలో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చీరా పళ్ళూ ఒళ్ళో పెట్టి, సంతోషంగా వెళ్ళిరా అమ్మా అంటారు. పుట్టింటి నుంచి ఆడపిల్లని సాగనంపినట్టే ఉంటుంది. రేపు ఎవరైనా వచ్చి అడిగితే సన్మానం ఫోటో చూపిస్తారు. సాయంత్రానికల్లా కబురు మిగతా షెడ్ల మేస్త్రీలకి చేరుతుంది. చీర పెట్టించుకున్న మనిషిని మరో షెడ్డు రానివ్వదు. ఐసు ప్లాంటులో ఉండేవాడు కాబట్టి జగన్నాథరావుకి ఇది తెలుసు. ఇంట్లో ఉండేది కాబట్టి సూర్యకళకి తెలియదు.

"తీసుకోనంటే?" అందావిడ.

"మొగుడున్న ఆడది పసుపు కుంకుమ వద్దంటుందా? నువ్వంటావా?"

సూర్యకళ మర్నాడే జోగేశ్వరరావు గారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆవిడని కూర్చోమని, మజ్జిగ తెప్పించారు.

"బాబాయ్‌గారూ, లోవమ్మని తీసేస్తున్నారటండి."

"తీసెయ్యడమేంటమ్మా, గౌరవంగా పంపిస్తున్నాను. గౌరవంగా బతికే హక్కు అని నువ్వే రాశావుగా, రెండో అధ్యాయంలో." ఆయన గొంతు పెంచలేదు. "పాడైన కాలుతో ఆడమనిషి ఐసు నీళ్ళలో నిలబడడం అమానుషం అనీ రాశావు. నిజమే, నాకు తట్టలేదు. ఉంచితే నేను దుర్మార్గుణ్ని, పంపితేనూ దుర్మార్గుణ్నేనా? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

"గది ఒక్కటీ ఉంచండి బాబాయ్‌గారూ. ఆ పిల్ల కోసం" అంది.

"షెడ్డులో పని లేనివాళ్ళకి షెడ్డులో గది ఎలా ఇస్తామమ్మా?" అని ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఒక పని చెయ్యి. ఆ సావిత్రమ్మ అధ్యాయం ఉంది చూశావూ, అది తీసేసి మళ్ళీ అట్ట వేయించు. అలాంటిది జరగలేదనుకుందాం. జరగనప్పుడు నాకు లోవమ్మతో పనేముంది? తన గది తనది, తన బల్ల తనది. నీకెలా తోస్తే అలా చెయ్యి. శుక్రవారం పొద్దున్న చెప్పు చాలు. మజ్జిగ తాగమ్మా, అలాగే ఉంచేశావు."

ఆయన ఆ మాట నిలబెట్టుకునే మనిషే. ఆ సంగతి సూర్యకళకి తెలుసు. భర్త ఉద్యోగం ఊసు ఆయన ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆవిడకి చెప్పుకోవడానికి ఒక సాకైనా ఉండేది.

గంగాధర్ గారికి ఫోన్ చేస్తే, "ఆ అధ్యాయం తీసేస్తే ఇంకేముందమ్మా అందులో? మిగతాదంతా అందరూ రాసేదే. సోమవారం వైవా. ఇప్పుడు మార్చాలంటే వచ్చే సంవత్సరం మళ్ళీ కట్టుకోవాలి" అన్నారు.

"వచ్చే సంవత్సరం కట్టుకుందువుగాని, ఏం పోయింది" అన్నాడు జగన్నాథరావు. ఆవిడ వినిపించుకోనట్టు వంటింట్లోకి వెళ్ళింది.

శుక్రవారం తెల్లవారుజామున సూర్యకళ పూజలో కూర్చుని, ఆ అధ్యాయం మీద రెండు చీటీలు రాసింది. ఒకదాంట్లో తీసెయ్యి అని, ఇంకోదాంట్లో ఉంచు అని. పెద్ద సందేహాలన్నీ వాళ్ళింట్లో అలాగే తేలేవి. పిల్లాడి కాలేజీ, అమ్మాయి సంబంధం, రెండూ అమ్మవారి పాదాల దగ్గర చీటీల్లోనే తేలాయి. ఎన్నడూ తప్పు రాలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక చీటీ తీసింది.

తీసెయ్యి అని వచ్చింది.

ఆవిడకి దీపం వత్తి కాస్త పక్కకి ఒరిగి ఉన్నట్టనిపించింది. పసుపు గణపతిని చేసి ముందు ఆయనకి చెప్పుకోవాల్సింది, చెప్పుకోలేదు. మనసు కుదురుగా లేనప్పుడు తీసిన చీటీ లెక్కలోకి వస్తుందా? లేచి, కాళ్ళు కడుక్కుని, వత్తి సరిచేసి, గణపతిని చేసి, చీటీలు మళ్ళీ మడిచి వేసింది. రెండోసారి ఉంచు అని వచ్చింది. సూర్యకళ దణ్ణం పెట్టి, రెండు చీటీలనూ దీపంలో కాల్చేసింది.

దేవుడు అన్నీ చూస్తాడని పెద్దలు చెబుతారు. మనం రెండోసారి చీటీ వేసినప్పుడు కూడా చూస్తాడా, లేక అప్పటికి లేచి వెళ్ళిపోతాడా అన్నది ఎవరూ చెప్పలేదు.

నిజాన్ని చంపకూడదు కదా అని ఆవిడ దారంతా అనుకుంటూనే ఉంది. లోవమ్మ పడిన కష్టం లోకానికి తెలియాలి, అది లోవమ్మ కోసమే. కుంకుమ భరిణె పట్టుకుని లైను గదుల చివరికి వెళ్ళేసరికి లోవమ్మ పాపాయికి జడ వేస్తోంది. భరిణె చూసి చెయ్యి ఆపింది.

"మీరే వచ్చారేటండి" అంది.

"లోవమ్మా, ఇవాళ షెడ్డులో నీకు..."

"తెలుసండి. చీర ఏ రంగుదో అది కూడా చెప్పేశాడు మేస్త్రీ." జడ చివర రబ్బరు బ్యాండు వేసి పాపాయిని పక్కకి జరిపింది. "పుస్తకంలో నాకేం పేరెట్టారు అమ్మగారూ?"

"సావిత్రమ్మ."

"మంచి పేరండి. ఆవిడకి గది ఉందాండి పుస్తకంలో?"

సూర్యకళ భరిణె మూత తీసింది. గది ఉంది. లైను గదుల్లో చివరిది, కిటికీ షెడ్డు వైపు అని రాసింది.

"ఉంటే చాల్లెండి" అంది లోవమ్మ. "అక్కడైనా ఉంటాది."

బొట్టు పెట్టడానికి సూర్యకళ వేలు చాచింది. లోవమ్మ ఒక్క క్షణం మెడ వెనక్కి తీసింది. వద్దంటే ఎక్కడో ఉన్న మొగుడికి కీడు. వద్దని అనదని భరిణె తెచ్చినావిడకీ తెలుసు. లోవమ్మ మెడ ముందుకి చాచింది.

పాపాయి "నాకు" అంది నవ్వుతూ. సూర్యకళ ఆ పిల్లకి కూడా పెట్టింది.

పదిగంటలకి షెడ్డులో బల్లలు పక్కకి జరిపి కుర్చీ వేశారు. ఆడవాళ్ళందరూ టోపీలూ ఏప్రాన్లతోనే వరసగా నిలబడ్డారు. కాళ్ళకి పసుపు రాయమని మీనాకుమారి చెబితే సూర్యకళ లోవమ్మ కాళ్ళకి రాసింది. ఎడమ కాలు తొందరగా అయిపోయింది. కుడికాలి దగ్గర వేళ్ళు లేని చోట ఎంతవరకు రాయాలో తెలియక మడమ దాకా రాసేసింది. చీర, రవికె గుడ్డ, అరటిపళ్ళు ఒళ్ళో పెట్టింది. పెట్టినావిడ పుచ్చుకున్నావిడ కాళ్ళకి మొక్కాలి, పుచ్చుకునేటప్పుడు ఆవిడ అమ్మవారు కాబట్టి. సూర్యకళ మొక్కింది.

లోవమ్మ అక్షింతలు వేసి, "పాసవ్వండి అమ్మగారూ" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. జోగేశ్వరరావు గారు ఫోటో తీయించి, లోవమ్మని పులిహోర తినేదాకా కదలనివ్వలేదు. ఇంకొంచెం వెయ్యండర్రా, దారిలో ఆకలేస్తుంది అని దగ్గరుండి కొసరించారు. ఆటో కూడా ఆయనే పిలిపించారు. సామాన్లు ఎక్కిస్తుండగా పాపాయి పడిపోయింది. మూర్ఛ తగ్గేవరకు ఆటో ఆగింది. ఆ కాసేపూ ఆటో ఇంజను ఆపించి, పిల్లకి ఎండ తగలకుండా గొడుగు కూడా పట్టించారాయన.

సోమవారం రాజమండ్రిలో వైవా జరిగింది. బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు గారు సావిత్రమ్మ అధ్యాయాన్ని చాలా మెచ్చుకున్నారు. "ఆవిడ ఇప్పుడెలా ఉన్నారమ్మా?" అని అడిగారు.

"సొంతూరు వెళ్ళిపోయారండి. షెడ్డువాళ్ళు సన్మానం చేసి పంపించారు" అంది సూర్యకళ.

"చూశారా, పరిశోధన వల్ల ఎంత ప్రయోజనమో" అన్నారాయన గంగాధర్ గారితో.

ఫస్టు క్లాసు వచ్చింది. గుమ్మం పక్కన కొత్త పలక వచ్చింది. సరుకు కొనే కంపెనీలు ఇప్పుడు కార్మికుల ఫిర్యాదులు వినే మనిషి ఉండాలంటున్నాయి, బయట మనిషి ఎందుకు, మన సూర్యకళ ఉంది కదా అన్నారు జోగేశ్వరరావు గారు. లైనులో చివరి గది ఖాళీగానే ఉంది. దానికి సున్నం వేయించి, ఫ్యానూ బల్లా పెట్టించి, మానవ హక్కుల సహాయ కేంద్రం అని బోర్డు కట్టించారు. ఆవిడ వద్దనలేదు. ఈసారి ఎవరికైనా నిజంగా మేలు చెయ్యొచ్చు అనుకుంది. అలా అనుకున్న మాట నిజం.

ఎవరూ రాలేదు. ఒక శుక్రవారం లక్ష్మీదుర్గ అనే పిల్ల వచ్చింది, మేస్త్రీ పంపిన టీ గ్లాసుతో. పోయిన నెలలోనే పనిలో చేరిన పిల్ల. ఎడమ చెయ్యి ఏప్రాన్ కింద దాచుకుని ఉంది. టీ గ్లాసు బల్ల మీద పెడుతుంటే ఏప్రాన్ అంచు కదిలి, మణికట్టుకి చుట్టిన గుడ్డ, దాని మీద పసుపుపచ్చటి తడి మరక కనిపించాయి.

"చేతికేమైందమ్మా?"

"ఏమీ కాలేదండి. బాగున్నామండి."

"నాకు చెప్పొచ్చు. నేనున్నది అందుకే." సూర్యకళ గొంతు నిజంగానే మెత్తగా ఉంది. "ఎవరికీ చెప్పనులే. రా, కూర్చో. శుక్రవారం పూట ఉత్త నుదుటితో వచ్చావేంటి, చెమటకి చెరిగిపోయిందా?" అంటూ బల్ల మీదున్న కుంకుమ భరిణె మూత తీసింది.

లక్ష్మీదుర్గ రెండడుగులు వెనక్కి వేసి గుమ్మానికి ఆనుకుంది. దాచుకున్న చెయ్యి దానంతట అదే బయటికి వచ్చి నుదురు కప్పుకుంది.

"నేనేం చెప్పలేదండి అమ్మగారూ" అంది. "మీరే అడిగారు. నేనేం చెప్పలేదు."